వరస

మామ్మ పేరు మా చో.
రేషన్ కార్డు రాసిన గుమస్తా
ఆ రెండు ముక్కల్నీ అతికించి
మాచమ్మని చేశాడు.
ఊరికి అదీ అక్కర్లేకపోయింది.
రంగం మనిషి అంటే చాలు,
కళింగపట్నంలో ఏ గుంటడైనా
మా ఇంటి ముందుకు తెచ్చి వదిలేవాడు.

తాత ఆమెను గడప దాటించడానికి
కులానికి తప్పు కట్టాడు.
నూట పదహార్లు, రెండు మేకపోతులు.
పెద్దలు తిన్నారు, చేతులు కడుక్కున్నారు,
ఆమె విస్తరి మాత్రం పంక్తి చివర,
కుక్కలు కాచుకునే చోటికి
మూరెడు ఇవతల వేశారు.

వెలగ బెరడు సానరాయి మీద అరగదీసి
చెంపలకు పూసుకునేది మామ్మ.
అక్కడ ఇంకేదో చెట్టట.
దీనికీ ఆ వాసనే, కొంచెం.
కొంచెం అంటే ఎంత అని అడిగితే
చిటికెన వేలి గోరు చూపించేది.

పైడి అత్త పెళ్ళి.
గంప ఉంది, గంపలో బియ్యం ఉన్నాయి,
బియ్యం మీద తల వంచుకుని అత్త ఉంది.
మేనమామని పిలవండి, అన్నాడు పంతులు.

మామ్మకి ఇద్దరు తమ్ముళ్ళు.
ఒకడు ఐరావతి మీద టేకు దుంగలు నడిపేవాడు,
ఒకడు గుండు చేయించుకుని సన్యాసుల్లో కలిశాడు.
మా మేనరికమంతా
సముద్రం అవతలే ఉండిపోయింది.
పెళ్ళివారి వైపు ఎవరో నవ్వారు,
పుట్టిల్లు లేని దాని పిల్ల అని.

అప్పుడు పడవల పేట కొర్లయ్య లేచాడు.
"ఓడలో అప్పా అన్నాను బాబూ.
అయిదు రోజులు నా కక్కు ఎత్తి పోసింది.
ఈ గుంటకి మేనమావని నానే."
తలపాగా విప్పి నడుముకు బిగించి
గంప ఎత్తాడు.
పందిరంతా చేపల వాసన.
పెద్దలు ముక్కులు పక్కకి తిప్పుకున్నారు,
లగ్నం దాటిపోతుందని వరస ఒప్పుకున్నారు.
తాత కళ్ళు తుడుచుకున్నాడట.
ఈ సంగతి మా ఇంట్లో అందరూ చెబుతారు.

తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు.

కొర్లయ్య కూతురు నూకరత్నం.
మేనమామ కూతురే కదా,
అడిగే హక్కుందనుకున్నాడు నాన్న.
అన్నం ముందు కూర్చుని, ఒక్క మాటగా అడిగాడు.
తాత కంచం తోసేశాడు.
"వరస వేరు. కులం వేరు."
బర్మా మనిషిని కట్టుకుని
రెండు మేకపోతులు తినిపించి వచ్చిన నోరు అది.

ఆ పూట మామ్మ తన భాషలో ఏదో అంది.
చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారట.
ఎవరికీ అర్థం కాలేదు.
నాన్నకి అయిందేమో, తెలీదు.
నాలుగేళ్ళప్పుడు ఓడెక్కినవాణ్ణి,
మరిచిపోయానంటాడు.

గుజరాతీపేట నుంచి అమ్మ వచ్చింది,
కులమూ గోత్రమూ చూసి తెచ్చిన అమ్మ,
చేరడేసి కళ్ళతో.
మా నలుగురిలో ముగ్గురికి ఆ కళ్ళే.
నాకు మామ్మవి.
చూడ్డానికొచ్చిన సంబంధం వాళ్ళలో
ఒకావిడ జాలిగా అడిగింది,
"ఏటమ్మా, గుంటకి నిద్ర సాల్లేదేటి?"
లోపల్నుంచి మామ్మ నవ్వింది.
ఆ నవ్వుకే ఆ సంబంధం పోయింది.

ఇంకో సంబంధం కుదిరింది.
నా గంప అమ్మ అన్నగారు ఎత్తారు, పద్ధతిగా.
పందిరి చివర, దాదాపు మామ్మ విస్తరి వేసిన చోటే,
నూకరత్నం నిలబడి ఉంది.
ఎవరూ చూడనప్పుడు నా చేతిలో
ఎండు రొయ్యల పొట్లం, యాభై రూపాయల నోటు పెట్టింది.

నాన్న మేనమామ కూతురు
నాకేమవుతుందో వేళ్ళ మీద లెక్క వేశాను.
రెండుసార్లు వేశాను.
పిన్ని.

అలాగే పిలుస్తాను,
అమ్మ వినకుండా.
బుట్టలో చేపలు లెక్కపెట్టడం ఆపి
ఓ అంటుంది.
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటుంది.